త్రాసులో తేలిపోయిన రాజు

సామాన్యుడు తప్పు చేసినచో విచారించుటకు న్యాయస్థానము కలదు. రాజు తప్పు చేసినచో విచారించువారెవరు? న్యాయస్థానము రాజుది, భటులు రాజువారు, శాసనము రాజు నోటి మాట. కావుననే ప్రజలు ఈ ప్రశ్నకు సమాధానమును రాజసభలో గాక కథలలోను, గుడి గోడల మీదను వెదకికొనిరి. మన ప్రజలకు స్తంభమును చీల్చుకొని వెలువడిన నరసింహమూర్తి ఈ విషయమున చాలినంత ధైర్యము నిచ్చినాడు. క్రైస్తవ దేశముల చిత్రకారులు ఇదే ప్రశ్నకు చెప్పిన సమాధానములను నేడు మేము పాఠకుల యెదుట నుంచదలచితిమి. వానిలో ముఖ్యమైన దానికి ఆధారమైన కథ వింతయైనది. అందు దేవుడు కనబడడు, పిడుగు పడదు, సైన్యము రాకమునుపే తీర్పు వచ్చును. గోడమీద కొన్ని మాటలు మాత్రము వ్రాయబడును.

క్రైస్తవ కళలో రాజులకు తీర్పు చెప్పు పద్ధతులు ముఖ్యముగా రెండు. మొదటిది లోకాంతమున జరుగు కడపటి తీర్పు. వెనీసు నగరమునకు సమీపమున టోర్చెల్లో అను చిన్న ద్వీపము కలదు. అచ్చటి ప్రాచీన దేవాలయపు పడమటి గోడను 11, 12 శతాబ్దముల నాటి రంగురాళ్ల చిత్రమొకటి కప్పియున్నది. దాని అడుగు భాగమున నరకము. అందు దేవదూతలు ఈటెలతో గర్విష్ఠులను మంటలలోనికి త్రోయుచుందురు. ఆ మంటలలోని తలలలో కిరీటములు ధరించినవి కలవు. అయితే ఆ రాజుల పేర్లు అచ్చట లేవు. పేరు లేకుండుటయే ఆ చిత్రమునకు బలమును, బలహీనతయు. చూచువాడు తన్ను పీడించిన ప్రభువును అందు ఊహించుకొనవచ్చును. ఆ ప్రభువు మాత్రము అది తాను కాదనుకొని ఇంటికి పోవచ్చును. పైగా ఆ తీర్పు లోకాంతమున గాని రాదు. అంతవరకు పన్నులు కట్టువాని గతి యేమి?

రెండవ పద్ధతి వేరు. అందు రాజునకు పేరు కలదు. నగరమునకు పేరు కలదు. తీర్పు ఆ రాత్రియే వచ్చును. బైబిలు పూర్వభాగమునందలి దానియేలు గ్రంథము అయిదవ అధ్యాయములోని బెల్షస్సరు విందు ఇట్టి కథలలో ప్రధానమైనది.

కథ సంగ్రహముగా ఇది. బబులోనును ఏలుచున్న బెల్షస్సరు తన అధికారులు వేయిమందికి విందు చేసెను. మత్తు తలకెక్కిన సమయమున అతనికొక కోరిక పుట్టెను. పూర్వము నెబుకద్నెజరు యెరూషలేమును జయించి అచ్చటి దేవాలయము నుండి కొల్లగొట్టి తెచ్చిన వెండి బంగారు పాత్రలు కోశాగారమున నుండెను. వానిని తెప్పించి, అందరును వానిలో మద్యము పోసికొని త్రాగుచు, తమ దేవతలను పొగడసాగిరి. అప్పుడు దీపమున కెదురుగా నున్న గోడమీద ఒక చేతి వ్రేళ్లు కనబడి ఏమో వ్రాసెను. రాజు మోకాళ్లు వణకెను. ఆస్థాన జ్యోతిష్కులును, మంత్రవేత్తలును వచ్చి చూచిరి, చదువలేకపోయిరి. తుదకు యెరూషలేము నుండి చెరపట్టి తేబడిన దానియేలు అను యూదుని పిలిపించిరి. అతడు బహుమానములు నీయొద్దనే యుండనిమ్మని చెప్పి, వ్రాతను చదివి అర్థము చెప్పెను. ఆ రాత్రియే రాజు చంపబడెను. రాజ్యము పరుల పాలయ్యెను.

ఈ కథలో మూడు వస్తువులను పాఠకులు గుర్తుంచుకొనవలయును. మొదటిది పాత్రలు, రెండవది చేయి, మూడవది చదువరి. విందు చేయుట రాజులకు నేరము కాదు. అది వారి నిత్యకృత్యము. నేరమంతయు ఆ పాత్రలయందున్నది. ఓడిపోయిన జాతి పవిత్రముగా దాచుకొన్న వస్తువు గెలిచినవానికి ఆటవస్తువైనది. ఇక చదువరి యెవడు? జీతము పుచ్చుకొను పండితులకు ఆ వ్రాత తెలియలేదు. ఆ పాత్రలతోపాటు దోచి తేబడిన జాతివానికే అది తెలిసినది. దోపిడికి సాక్షియైనవాడే తీర్పు చదువగలిగెననుట ఈ కథ హృదయమని మేము తలచుచున్నాము. ఇకమీద ఏ చిత్రమును చూచినను, అందు పాత్రలెచ్చట, చేయి యెచ్చట, చదువరి యెచ్చట అని ప్రశ్నించినచో, ఆ చిత్రకారుడును, ఆ చిత్రమును కొన్నవారును ఏ పక్షమువారో తేటపడును.

వ్రాతయనగానే మనకు నుదుటి వ్రాత జ్ఞప్తికి వచ్చును. కాని ఈ రెంటికిని చాల భేదమున్నది. నుదుటి వ్రాత మనుజుడు ఏ పనియు చేయకముందే వ్రాయబడును. అది యెవనికిని కనబడదు. దానికి బాధ్యత వ్రాసినవానిదే. గోడమీది వ్రాత పని జరిగిన పిమ్మట వ్రాయబడును. అది సభలో అందరి యెదుట కనబడును. దానికి బాధ్యత చేసినవానిదే. మొదటిది విధి, రెండవది లెక్క.

లెక్కయని మేము ఊరక అనలేదు. గోడమీద కనబడిన మాటలు మెనే, తెకేల్, ఫర్సీన్ అనునవి. ఇవి నిజమునకు అంగడి మాటలని ఫ్రెంచి పండితుడు క్లెర్మాఁ గానో 1886లో సూచించెను. మెనే యనగా మీనా అను తూకము. తెకేల్ యనగా షెకెల్ అను చిన్న తూకము. ఫర్సీన్ యనగా సగము మీనాలు. మన పెద్దల కాలపు అంగడిలో మణుగు, తులము, అరమణుగు అని గోడమీద గీచినట్లన్నమాట. అక్షరజ్ఞానము కలవాడెవడైనను ఆ మాటలను చదువగలడు. కాని రాజాస్థానమున వాని పనియేమో యెవనికి తోచును? దానియేలు వానిలో రెండవ అర్థమును చూచెను. ఆ మాటల ధాతువులకే లెక్కించుట, తూచుట, విభజించుట అను అర్థములు కలవు. నీ పాలన దినములు లెక్కింపబడినవి. నిన్ను త్రాసులో వేయగా తేలిపోతివి. నీ రాజ్యము పంచిపెట్టబడినదని అతడు వివరించెను. రాజ్యములను తూచువాడు వర్తకుని త్రాసునే వాడుట ఈ కథలోని గొప్ప చమత్కారము. పేదవాడు దినదినమును ఏ త్రాసుముందు నిలుచునో, ఆ త్రాసులోనే చక్రవర్తియు కూర్చుండవలసి వచ్చెను.

చరిత్ర చెప్పునది

బెల్షస్సరు పేరు బహుకాలము వరకు దానియేలు గ్రంథమునందును, దాని ననుసరించిన రచనలయందును మాత్రమే వినబడుచుండెను. కావున అట్టివాడు లేనేలేడని కొందరు వాదించిరి. 1854లో ఇరాకు దేశమునందలి ఊర్ అను ప్రాచీన నగరపు దిబ్బలలో మట్టితో కాల్చిన శాసనములు దొరకెను. వానిలో నబోనీదు అను బబులోను రాజు తన జ్యేష్ఠపుత్రుడైన బెల్షస్సరు క్షేమముకొరకు చేసిన ప్రార్థన కలదు. నబోనీదు క్రీ. పూ. 556 మొదలు 539 వరకు రాజు. అతడు ఇంచుమించు పదియేండ్లు అరేబియా ఎడారిలోని తేమా పట్టణమున నివసించెను. ఆ కాలమున రాజధానిలో పాలన నెరపినది కుమారుడు. కావున బెల్షస్సరు పూర్ణాధికారము గల రాజు గాక యువరాజు. నెబుకద్నెజరు కుమారుడును కాడు. క్రీ. పూ. 539లో పారసీక చక్రవర్తి కోరెషు బబులోనును వశపరచుకొనెను.

కథకును చరిత్రకును గల ఈ భేదము కథ విలువను తగ్గింపదు. పైగా ఒక రహస్యమును బయలుపెట్టును. దానియేలు గ్రంథమునందలి కథలలో కొన్ని అంతకు పూర్వమే ప్రచారమున నున్నను, గ్రంథము ఇప్పటి రూపమును పొందినది క్రీ. పూ. 165 ప్రాంతముననని పండితులలో పెక్కుమంది అభిప్రాయము. అప్పుడు యూదులను ఏలుచున్నది బబులోను కాదు. గ్రీకు వంశీయుడైన అంతియోకు. ఆ రాజు క్రీ. పూ. 169లో యెరూషలేము దేవాలయమున ప్రవేశించి బంగారు పాత్రలను ఎత్తుకొనిపోయెను; పిమ్మట యూదుల మతాచారములనే నిషేధించెను. అట్టి కాలమున ఒక యూదుడు తన బిడ్డలకు బెల్షస్సరు కథ చెప్పెననుకొందము. చచ్చిన రాజును గూర్చి చెప్పుచున్నట్లు పైకి కనబడును; వినువారికి బ్రతికియున్న రాజు పేరు తెలియును. భటుడు విన్నను పట్టుకొనుటకు ఆధారము లేదు. నోరు కట్టబడిన ప్రజలు ఇట్లే మాటలాడుదురు. ఈ కథ పుట్టుకయందే బలహీనుని ఆయుధము.

మఠమునుండి నగరమునకు

ఆ ఆయుధము చిత్రకారుల చేతిలో ఏమైనదో ఇక చూతము. సుమారు క్రీ. శ. 945లో ఉత్తర స్పెయినునందలి లెయోను రాజ్యమున మయూస్ అను సన్న్యాసి యొకడు ఒక గొప్ప వ్రాతప్రతిని చిత్రములతో అలంకరించెను. అది ఇప్పుడు న్యూయార్కు నగరమున మోర్గను గ్రంథాలయమున నున్నది. దానిలో దానియేలు గ్రంథ వ్యాఖ్యానమును చేర్చి, బెల్షస్సరు విందును చిత్రించినారు. గుఱ్ఱపు లాడము వంటి కమాను క్రింద విందు జరుగుచుండును. పైన దీపము, ఒక చేయి, అక్షరములు. ఆ కమాను ఎఱుపు తెలుపు రాళ్ల వరుసలతో కొర్దోబా నగరపు మహా మసీదును తలపించుచున్నదని కళాచరిత్రకారులు చెప్పుదురు. అట్టి కమానులు ఆనాటి స్పెయినులో క్రైస్తవ దేవాలయములకును ఉండెను. అయినను దక్షిణమున కొర్దోబా ఖలీఫాలు మహావైభవముతో నున్న దినములలో, ఉత్తరమున మఠములో కూర్చున్న సన్న్యాసికి బబులోను ఎక్కడనో దూరమున కనబడియుండదు. పొరుగు రాజును త్రాసులో వేయుట అతనికి సులభము. తన రాజును వేయుట మాత్రము ఎంత కష్టమో పిమ్మటి కాలము చూపినది.

ఏడు వందల యేండ్ల పిమ్మట ఆమ్‌స్టర్‌డామ్ నగరమున రెంబ్రాంటు ఈ కథను చేపట్టెను. ఆ చిత్రము 1636-38 ప్రాంతమునాటిది. సుమారు అయిదున్నర అడుగుల ఎత్తు, ఏడడుగులకు కొంచెము తక్కువ వెడల్పు. 1964 నుండి లండను నేషనల్ గ్యాలరీ సొత్తు. అందు మహాసభ లేదు, స్తంభములు లేవు. బల్లచుట్టు నలుగురైదుగురు, వారి నడుమ పెద్ద తలపాగా, దానిపై చిన్న కిరీటము గల రాజు. అతడు లేచి వెనుదిరిగి చూచుచున్నాడు. కన్నులు వెడల్పయినవి; చాచిన చేయి తగిలి బంగారు పాత్ర యొకటి దొర్లిపోవుచున్నది. ఎఱ్ఱని వస్త్రము ధరించిన స్త్రీ చేతిలోని పాత్రనుండి మద్యము ఒలికిపోవుచున్నది. వెనుక చీకటిలో పిల్లనగ్రోవి వాయించు మనిషికి ఇంకను ఏమియు తెలియలేదు. పైన పొగమబ్బులోనుండి వచ్చిన చేయి కడపటి అక్షరమును ముగించుచున్నది. ఆ అక్షరముల వెలుగే రాజు ముఖముపై పడుచున్నది. దోచిన బంగారము ఎంత తళతళలాడుచున్నను, ఆ గదికి దీపము మాత్రము తీర్పే.

ఆ అక్షరములు హీబ్రూ అక్షరములు. రెంబ్రాంటు ఇంటికి దగ్గరలో నివసించుచుండిన మెనస్సే బెన్ ఇజ్రాయెల్ అను యూదు మతగురువు వానిని వ్రాయు పద్ధతిని అతనికి తెలిపియుండునని పండితులలో పలువురు తలచుచున్నారు. ఆ గురువు 1639లో ప్రచురించిన గ్రంథమునందును అదే పద్ధతి కలదు. హీబ్రూ వ్రాత కుడినుండి యెడమకు అడ్డముగా సాగునది. ఈ గోడమీద మాత్రము పైనుండి క్రిందికి నిలువు వరుసలుగా వ్రాయబడినది. ఆస్థాన పండితులు చదువలేకపోవుటకు కారణమిదియే యని యూదుల సంప్రదాయములలో నొకటి చెప్పును. కడపటి అక్షరమును రెంబ్రాంటు కొంచెము తప్పుగా వ్రాసెను. ‘నూన్’ వ్రాయవలసిన చోట ‘జయిన్’ పడెను.

ఇచ్చట మేము గమనించిన విశేషమొకటి కలదు. ఈ చిత్రమున పాత్రలున్నవి, చేయి యున్నది, దానియేలు లేడు. చదువరి స్థానము ఖాళీగా నున్నది. దాని యెదుట నిలిచినవాడే దానిని చదువవలయును. చిత్రమును చూచు ఆమ్‌స్టర్‌డామ్ వర్తకుడు ఆ బల్లకు ఈ వైపున, విందు జరుగుచోటనే నిలిచియుండును. డచ్చివారు ఆనాడు స్పెయిను రాజుతో స్వాతంత్ర్యమునకై పోరాడుచు, తమ్ము చెరనుండి బయటపడిన ఇశ్రాయేలీయులతో పోల్చుకొనుచుండిరి. అదే కాలమున వారి ఓడలు తూర్పు సముద్రముల నాక్రమించుచుండెను; మన మచిలీపట్టణమున వారి వర్తకస్థానము అప్పటికి మూడు దశాబ్దముల నాటిది. ఒకే జాతి ఒక సముద్రమున చెరబడినవాడుగను, వేరొక సముద్రమున ప్రభువుగను ఉండగలదు. రెంబ్రాంటు ఈ మాట చెప్పవలెనని తలచెనని మేము అనము. కాని చదువరి స్థానమును ఖాళీగా నుంచినందున, ఆ ప్రశ్న అడుగుటకు అతని చిత్రము చోటిచ్చినది.

ఇంగ్లండులో బబులోను

తరువాతి కథ ఇంగ్లండులో జరిగినది. 1795లో విలియం బ్లేక్ నెబుకద్నెజరును చిత్రించెను. తన నగరమును చూచి గర్వించినందుకు మతిపోయి, పశువువలె గడ్డి మేసిన రాజు కథ అది. బ్లేకు చిత్రమున ఆ రాజు నాలుగు కాళ్లపై ప్రాకుచు, గోళ్లు పక్షి గోళ్లవలె పెరిగి, కన్నులలో భయముతో మనవంక చూచుచున్నాడు. కిరీటము లేదు, సభ లేదు, శిక్షించు దేవుడును లేడు. గర్వమే శిక్షగా మారినది. ఈ రాజునకు తుదకు బుద్ధి వచ్చెననియు, రాజ్యము తిరిగి దొరకెననియు గ్రంథము చెప్పును. బెల్షస్సరు నేరమును దానియేలు ఎత్తిచూపినప్పుడు ఈ సంగతినే జ్ఞప్తి చేయును. ఇదంతయు తెలిసియు నీవు నేర్చుకొనలేదని అతని అభియోగము. తెలియక చేసిన గర్వమునకు క్షమాపణ కలదు. తెలిసి చేసిన గర్వమునకు లేదు.

1803 ఆగస్టులో జేమ్స్ గిల్రే అను వ్యంగ్యచిత్రకారుడు ఇదే విందును వేరొక విధముగా అచ్చొత్తించెను. నెపోలియను దండెత్తి వచ్చునని ఇంగ్లండు భయపడుచున్న దినములవి. గిల్రే చిత్రమున బల్లముందు కూర్చున్నవాడు నెపోలియను. వడ్డించిన పదార్థములు లండను కోటయు, ఇంగ్లండు బ్యాంకియును. మేఘమునుండి చేయి కనబడి అవే మాటలను చూపుచుండును. ఇచ్చటను రాజు పొరుగువాడే. పాత్రలు మాత్రము ఇంకను దొంగిలింపబడలేదు. దొంగిలింపబడునేమో యను భయమున్నది. తన సొత్తు పోవునని భయము కలిగినప్పుడు ప్రతి జాతికిని దానియేలు గ్రంథము బాగుగా అర్థమగును.

1821లో జాన్ మార్టిన్ చిత్రించిన బెల్షస్సరు విందు లండనులో ప్రదర్శింపబడెను. దానికి 200 గినీల బహుమతి వచ్చెను. జనసమ్మర్దమునకు తట్టుకొనలేక చిత్రము చుట్టును కంచె కట్టవలసి వచ్చెను. 1826లో మార్టిన్ దానిని లోహపు రేకుమీద చెక్కి అచ్చొత్తింపగా ప్రతులు దూరదేశములకు పోయెను. అందు రాజు ముఖము కనబడనంత చిన్నది. కనబడునది సభాభవనము: అంతులేని స్తంభముల వరుసలు, వెనుక ఆకాశమున బాబేలు గోపురము, చీమలవలె జనము. నడుమ నల్లని వస్త్రముతో దానియేలు నిలిచియుండును. ఆ భవనమును కట్టుటకు ఈజిప్టు, బబులోను శిల్పులతోపాటు హిందూదేశపు శిల్పులును తోడ్పడిరని ఊహించి చిత్రించితినని మార్టినే వివరించెను.

హిందూదేశపు స్తంభములు బబులోనుకు ఎట్లు పోయెను? ఇందుకు సమాధానము బైబిలులో లేదు; మార్టిన్ జీవితములో కలదు. అంతకు కొలది యేండ్ల పూర్వము అతడు సెజిన్‌కోట్ అను భవనమును చిత్రములుగా చెక్కెను. అది ఇంగ్లండునందలి గ్లాస్టర్‌షైరులో, ఈస్టిండియా కంపెనీ కొలువున ధనము గడించిన కాకరెల్ అనువాడు మొగలాయి భవనముల మాదిరిగా కట్టించుకొన్న ఇల్లు. హిందూదేశమునుండి వచ్చిన ధనముతో ఇంగ్లండులో లేచిన గుమ్మటములను చూచి గీసిన చేయియే, పిమ్మట గర్విష్ఠియైన తూర్పు రాజు భవనమును గీచినది. గర్వము తూర్పుదని అచ్చట చూచినవారు తలచిరి. ఆ కాలముననే లండనులో లెడెన్‌హాలు వీథియందలి కంపెనీ కార్యస్థానమున, 1799లో శ్రీరంగపట్టణము పడిపోయినప్పుడు తెచ్చిన టిప్పు సుల్తాను కొయ్యపులి చూపరుల వినోదముకొరకు ఉంచబడియుండెను. మార్టిన్ చిత్రమున పరుల పాత్రలతో విందు చేసికొనుచున్న బబులోను వారిని చూచి నిట్టూర్చిన లండను పౌరులకు ఈ పులి ఆ పాత్రలను తలపింపలేదు. చిత్రమున చదువరి యున్నాడు. కాని చూచువారు తమ్ము ఆ చదువరి పక్షమున లెక్కవేసికొనిరి.

ఈ చిత్రమును ఆక్షేపించినవారిలో చార్లెసు ల్యాంబు ప్రసిద్ధుడు. గ్రంథమున రాజు చేతిని చూచెనని మాత్రమే చెప్పబడియుండగా, మార్టిన్ సభనంతయు భయముతో పరుగులెత్తించెనని 1833లో అతడు విమర్శించెను. విమర్శ చక్కనిది. తీర్పు అందరికిని కనబడు బాణసంచా కాదు; అది యొక మనుజుని అంతరాత్మకు కనబడు వ్రాత. ఇంత సూక్ష్మముగా చదివిన ల్యాంబు 1792 మొదలు 1825 వరకు, ముప్పదిమూడేండ్లు, ఆ కంపెనీ కార్యస్థానముననే గుమాస్తాగా లెక్కలు వ్రాసినవాడు. లెక్కింపబడుట, తూచబడుట అను మాటలు అతనికి ప్రతిదినమును చేతిక్రింద నుండెను.

అమెరికా దేశమున వాషింగ్టన్ ఆల్‌స్టన్ అను చిత్రకారుని చరిత్ర ఇంకను విచిత్రమైనది. అతడు బానిసల శ్రమతో వరి పండించు దక్షిణ కెరొలైనా భూస్వాముల వంశమున 1779లో జన్మించెను. 1817లో లండనులో బెల్షస్సరు విందును ప్రారంభించి, మరుసటి యేట బోస్టను నగరమునకు తీసికొనిపోయెను. స్నేహితులు 10,000 డాలర్లు పోగుచేసి ప్రోత్సహించిరి. అతడు దిద్దుచు, చెరిపివేయుచు, మరల మొదలుపెట్టుచు ఇరువదియారేండ్లు గడపి, చిత్రము ముగియకయే 1843లో మరణించెను. ఆ అసంపూర్ణ చిత్రము ఇప్పుడు డిట్రాయిటు కళాశాలలో నున్నది. రాజు లేని గణరాజ్యమున, చెరబడినవారు పొలములలో శ్రమించుచున్న దేశమున, చెరబడినవాడు తీర్పు చదువు చిత్రము ముగియకుండుట అర్థవంతముగనే మాకు తోచుచున్నది.

తీర్పు ముగియుట యెప్పుడు?

ఇన్ని చిత్రములను చూచిన పిమ్మట ఒక ఆక్షేపణ రావచ్చును. రాజు పడిపోవుటను చూచి సంతసించుట పగతీర్చుకొనుటయే కదా, అది నీతియెట్లగును? ఆక్షేపణలో సత్యము కలదు. ఒక రాజు చచ్చిన రాత్రియే వేరొక రాజు వచ్చెనని ఆ కథయే చెప్పుచున్నది. సింహాసనము ఖాళీగా నుండలేదు. గర్విష్ఠి పడుటతో న్యాయము ముగిసినచో, ఆ న్యాయము మరునాటి విందు వరకే నిలుచును.

కాని పాత్రల సంగతి యేమి? చిత్రములు ఎచ్చట ఆగిపోయినవో అచ్చటనుండి గ్రంథము ముందునకు సాగినది. కోరెషు బబులోనును గెలిచిన పిమ్మట యూదులకు స్వదేశమునకు పోవ సెలవిచ్చి, దేవాలయపు పాత్రలను లెక్కపెట్టించి వారికప్పగించెనని ఎజ్రా గ్రంథము చెప్పును. ఆ లెక్క 5,400. బబులోను దిబ్బలలో 1879లో దొరకిన కోరెషు మట్టి శాసనమున యూదుల పేరు లేదు గాని, అతడు వివిధ నగరముల దేవతామూర్తులను వారి వారి స్థానములకు తిరిగి పంపెనని చెప్పబడియున్నది. గుస్తావ్ డోరే 1866లో వెలువడిన తన బైబిలు చిత్రములలో దానియేలు వ్రాతను చదువుటతోపాటు, కోరెషు పాత్రలను తిరిగి యిచ్చుటను గూడ గీచెను. మొదటి ఘట్టమును జనులు ఎరుగుదురు. రెండవదానిని ఎరిగినవారు అరుదు. పడిపోవు రాజు కన్నులకు పండుగ. లెక్కపెట్టి తిరిగి యిచ్చు గుమాస్తా కన్నులకు పండుగ కాడు.

అయినను మెనే అను మాటకు పూర్ణార్థము ఆ రెండవ ఘట్టముననే కలదని మా అభిప్రాయము. మొదట లెక్కింపబడినవి రాజు దినములు. కడపట లెక్కింపబడినవి పరుల పాత్రలు. మొదటి లెక్క దేవుడు చేసెను; రెండవ లెక్క మనుజులు చేయవలసివచ్చెను. దేవుని చేయి గోడమీద వ్రాయగలదు గాని, కోశాగారము తలుపు తెరచి పాత్రలను మూటగట్టి, బండ్లకెత్తి ఇంటికి పంపుట మనుజుల చేతి పనియే. గర్విష్ఠియైన ప్రభువును గూర్చిన ఏ చిత్రము యెదుట నిలిచినను, ముందుగా అతని ముఖమును చూడక, అతని చేతిలోని పాత్ర యెవరిదో విచారించువాడే ఆ చిత్రమును చదివినవాడు. ఆ పాత్ర తన యింట నున్నదేమో వెదకి చూచుకొనువాడు దానియేలు కంటెను చక్కగా చదివినవాడు.